కల్లం కాడ గాలి లెక్క

తూర్పారబట్టుడు అన్న మాట ఇప్పుడు పేపర్లలోనే బతికి ఉన్నది. అసెంబ్లీలో ఒక పార్టీ ఇంకో పార్టీని తూర్పారబడతది, తెల్లారి హెడ్డింగ్ వస్తది. ఆ మాట పుట్టిన కల్లాలు, గాలికి గింజను పొట్టును వేరుచేసే జాగలు, మాత్రం మన దిక్కు దాదాపు లేకుండ పోయినయి. పాలమూరు చెలకల కాడ, మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమ కాల్వ కింది పొలాల కాడ, సంక్రాంతి ముందర ఊరి బయట ఏ మిట్ట మీద చూసినా అదే బొమ్మ. మూడు కాళ్ల ఎత్తు పీట, దాని మీద తలకు తువాల చుట్టుకున్న మనిషి, పైకెత్తిన చాట, చాట కొస నుంచి జారే గింజల తెర, ఆ తెరలో నుంచి విడిపోయి పొగలాగ ఒక్క దిక్కే సాగే పొట్టు.

చూసేవాళ్లకు అదంతా గాలి చేసే పనే అనిపిస్తది. సగమే నిజం. ఎంత గాలి ఉన్నా, పడేవాటి బరువులోనో ఆకారంలోనో తేడా లేకుంటే ఏదీ వేరుపడదు. ఒకే ఎత్తు నుంచి ఒకేసారి వదిలిన గింజ, తాలు (లోపల బియ్యం లేని ఉత్త గింజ), పొట్టు మూడు చోట్ల పడతయి. పొద్దున బడిలో "అన్ని వస్తువులూ ఒకే త్వరణంతో కింద పడతయి" అని ఎక్కాలలెక్క చదివిన పిల్లలే సాయంత్రం కల్లం కాడ నిలబడి దానికి ఎదురు సాక్ష్యం చూసేవాళ్లు. పాఠం తప్పేం కాదు, గాలి లేని చోట అది అక్షరాలా నిజం. కల్లం కాడ గాలి ఉంటది, అంతే తేడా.

కల్లానికి జాగ చూసుడే పెద్ద పని. చుట్టూ చెట్లు, ఇండ్లు లేని మిట్ట కావాలె. గాలి వచ్చే దిక్కు ఒక చింతచెట్టు ఉంటే దాని ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి బలం తగ్గి సుడులు తిరుగుతది. సుడిగాలిలో తూర్పారబడితే పొట్టు పోయినట్టే పోయి మళ్లీ రాశి మీదికే వస్తది. నేల చెక్కి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పెండతో అలికేవాళ్లు. అలుకు ఆరినంక నేల గట్టిపడి, మన్ను గింజల్లో కలవదు. పగుళ్లు ఉంటే నువ్వులు, సజ్జల్లాంటి సన్న గింజలు వాటిలోకి దిగిపోతయి గనుక సన్న గింజల కల్లానికి రెండు సార్లు అలుకు తప్పదు.

గాలి వేళ కూడా తెలిసి ఉండాలె. చలికాలంలో తెల్లారగట్ల మంచు, గాలి కదలదు. నేల ఎండకు వేడెక్కినంక, పొద్దు బాగా ఎక్కినంక గాలి లేస్తది, పొద్దు వాలేటప్పుడు పడిపోతది. పనికి దొరికేది నడుమ ఆరు గంటలు, అందులో కూడా తెరలు తెరలుగ. ఆ చలికాలపు గాలి తూర్పు, ఈశాన్యం దిక్కు నుంచే ఎక్కువ. తూర్పార అన్న మాటలో తూర్పు ఊరికే రాలేదనిపిస్తది.

ఎంత గాలి సరిపోతది అన్నదానికి యంత్రం ఎవరి దగ్గరా ఉండేది కాదు, చెట్టే యంత్రం. ఆకులు గలగలమంటే గాలి సెకనుకు రెండు మూడు మీటర్లు, అంటే గంటకు ఏడు నుంచి పదకొండు కిలోమీటర్లు. ఆకులతో పాటు సన్న రెమ్మలు ఆగకుండ ఊగుతుంటే మూడున్నర నుంచి అయిదు మీటర్ల దాకా. నేల మీది దుమ్ము, కాగితాలు లేవబట్టినయంటే అయిదున్నర దాటింది, చాట దించాలె. మొదటిది నువ్వులకు, తైదలకు. రెండోది జొన్నలకు, కందులకు. వడ్లు రెంటికీ నడుమ. కొందరు పిడికెడు పొట్టు వదిలి, ఎంత దూరం పోయిందో అడుగులు కొలిచి మరీ మొదలుపెట్టేవాళ్లు.

ఇప్పుడు చాట దగ్గరికి పోదాం. పీట మీది మనిషి చేతులెత్తితే చాట కొస నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తులో ఉంటది. కింద ఇద్దరు గంపలతో అందిస్తరు. ఆ మనిషి గాలికి పక్క ఇచ్చి నిలబడతడు. చాట నోరు గాలికి అడ్డంగ ఉండాలె, అట్లయితే జారే గింజలు గాలికి ఎదురుగ ఒక పలుచని తెరలాగ పరుచుకుంటయి. ఎడమ చేయి చాట అడుగును మోస్తది, కుడి చేయి అంచును పట్టి సన్నగ వణికిస్తది. వణుకు ఆగితే గింజలు ఆగుతయి, ఎక్కువైతే ముద్దగ దొర్లుతయి. ఆ వణుకులోనే పనితనం అంతా. చాట ఖాళీ అయ్యేదాకా తెర మందం మారకుండ పోసేవాళ్లను పొరుగు కల్లాల వాళ్లు కూడా పిలుచుకపోయేవాళ్లు.

ఎనిమిది అడుగుల నుంచి వడ్లగింజ నేలను తాకేందుకు సెకనులో మూడు వంతులకు కొంచెం ఎక్కువ పడతది. గాలి సెకనుకు 3 మీటర్లుంటే ఆ లోపల గింజ పక్కకు జరిగేది మూడు అడుగులు. గుండ్రంగ, బరువుగ ఉండే జొన్నగింజ ఒక్క అడుగే జరుగుతది. తాలు ఏడెనిమిది అడుగులు పోతది. ఆకు ముక్క, పొట్టు అయితే నేలకు దిగేందుకు రెండు సెకన్లకు దగ్గర తీసుకుంటయి, పదిహేను పదహారు అడుగుల అవతల పడతయి. అందుకే కల్లం కాడ మూడు వరుసలు ఏర్పడేవి. పీట కాళ్ల దగ్గర గింజల రాశి, దాని పక్కన తాలుతోటి సగం నిండిన గింజలు కలిసిన నడిమి కుప్ప, ఆ తర్వాత చాప పరిచినట్టు పలుచగ పొట్టు. నడిమి కుప్పను మళ్లీ చాటకెత్తేవాళ్లు, రెండోసారి, మూడోసారి. మిగిలిన అసలు తాలు పశువులకు, కోళ్లకు.

ఈ మూడు దూరాల వెనక ఉన్న లెక్క చిన్నదే. పడేదాన్ని భూమి కిందికి గుంజుతది, ఆ గుంజుడు దాని బరువే. గాలి ఎదురు నెడుతది, ఆ నెట్టుడు మాత్రం నాలుగింటిని బట్టి ఉంటది. ఒకటి గాలి చిక్కదనం, ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతది. రెండోది గాలికి ఎదురు నిలిచే వెడల్పు. మూడోది ఆకారానికి ఉండే ఒక అంకె. నాలుగోది వేగం, అది రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలైతది. పడే వస్తువు వేగం పెరిగిన కొద్దీ ఎదురు నెట్టుడు అంతకంటె జోరుగ పెరిగి, ఒక కాడ రెండూ సరితూగుతయి. ఆ తర్వాత వేగం పెరగదు. పుస్తకాల్లో దాన్ని చరమవేగం అన్నరు. నాలుగు మిల్లీమీటర్ల జొన్నగింజకు అది సెకనుకు దాదాపు 10 మీటర్లు, ఆకు పొట్టుకు ఒకటిన్నరకు అటు ఇటు. పొట్టు చాట వదిలిన జానెడు దూరంలోనే తన చరమవేగం అందుకుంటది. జొన్నగింజ నేలను తాకేదాకా కూడా అందుకోదు, ఇంకా వేగం పుంజుకుంటూనే ఉంటది.

ఆకారపు అంకె దగ్గర కొంచెం ఆగాలె, అసలు ముచ్చట అక్కడే ఉన్నది. గాలికి అడ్డంగ పట్టిన బల్లపరుపు బిళ్లకు ఆ అంకె 1.17. ఘనానికి, అంటే బెల్లం అచ్చులాంటి దానికి, 1.05. గుండ్రని గోలీకి 0.47. ముందు గుండ్రంగ, వెనక చేప తోకలెక్క సన్నబడ్డ ఆకారానికి 0.04 దాకా దిగుతది. అన్నిటికీ గాలికి ఎదురయ్యే వెడల్పు ఒకటే అయినా బిళ్ల మీద గాలి నెట్టుడు గోలీ మీద కంటె రెండున్నర రెట్లు. గాలి బిళ్ల అంచు దగ్గర మలగలేక విడిపోయి వెనక సుడులు తిరుగుతది, ఆ సుడుల జాగలో ఒత్తిడి తగ్గుతది, ముందు నెట్టుడు, వెనక గుంజుడు రెండూ కలిసి బిళ్లను ఆపుతయి. చేప ఆకారం వెంట గాలి చివరిదాకా అంటుకోని జారుతది, సుడికి సందుండదు.

తాలు సంగతి వేరు. తాలుగింజ ఆకారం నిండు వడ్లగింజదే, పొడవు అదే, వెడల్పు అదే. లోపల బియ్యం లేదు. బరువు నాలుగో వంతైతే చరమవేగం సగమైతది, నాలుగో వంతు కాదు. వేగం వర్గంలో లెక్కకు వస్తది గనుక బరువు తేడా వేగంలో వర్గమూలమై కనబడతది. తాలు పోవుడు కష్టం, పొట్టు పోవుడు సులువు అని కల్లం కాడ అనేదానికి కారణం ఇదే. పొట్టుకు బరువూ తక్కువే, పరుచుకున్న ఆకారం కూడా. తాలుకు బరువొక్కటే తక్కువ.

బరువు మారకుండ ఆకారం ఒక్కటే మారితే ఏమైతదో చూడాలంటే కాగితం చాలు. మామూలు ఏ4 కాగితం 4.7 గ్రాములుంటది. పరిచినట్టు వదిలితే సెకనుకు ఒక మీటరు లెక్కన, అటూ ఇటూ ఊగుకుంట దిగుతది. అదే కాగితాన్ని నలిపి అయిదు సెంటీమీటర్ల ఉండ చేస్తే దాని చరమవేగం దాదాపు 9 మీటర్లు. ఒక్క గ్రాము కలవలేదు, తగ్గలేదు.

కల్లం కాడ తప్పులు ఎక్కడ జరిగేవో కూడా ఈ లెక్కే చెబుతది. అన్నిటికంటె ఎక్కువగ చేసే తప్పు ముద్దగ పోసుడు. గింజలు గుంపుగ పడితే గాలి వాటి నడుమ నుంచి పోదు, మొత్తం ముద్ద చుట్టూ తిరిగి పోతది. ముద్ద అంతా ఒక పెద్ద వస్తువులాగ పడతది, లోపల చిక్కిన పొట్టును కూడా వెంట తీసుకపోతది. ముందటి గింజ చాటున వెనకది గాలి తగలకుండ దిగుతది. తొందరపడి రెండు చాటలు ఒకేసారి పోస్తే తర్వాత నాలుగు చాటల పని పెరిగేది.

రెండోది తడి. కోసిన వారంలోపల మబ్బు పడితే, లేదా మంచు ఆరకముందే మొదలుపెడితే, పొట్టు గింజకు అంటుకుంటది. అంటుకోనిది కూడా తడితో బరువెక్కి దగ్గరనే పడతది. చేతిలో పిడికెడు పట్టి నలిపితే గలగల చప్పుడు రావాలె, మెత్తగ ముద్ద కడితే ఇంకో పూట ఎండాలె.

మూడోది గాలి తెర. సెకనుకు 6 మీటర్ల జోరు ఒక్కసారి వస్తే మంచి వడ్లు కూడా ఆరేడు అడుగులు జరిగి తాలు కుప్పలో పడతయి. పీట మీది మనిషికి జోరు వచ్చేది ముందే తెలిసేది, దూరంగ చెట్ల ఊపు చూసి వణుకు ఆపేది. ఎత్తు పెంచితే దూరాలు పెరిగి మూడు కుప్పలూ ఇంకా బాగ విడిపోతయి. పైన గాలి నేల మీదకంటె కొంచెం బలంగనే ఉంటది కూడా. అయితే జోరు వచ్చినప్పుడు నష్టం కూడా ఆ ఎత్తుతోనే పెరుగుతది. ఎద్దుల బండి మీద నిలబడి పోసేవాళ్లు గాలి నిలకడగ ఉన్నప్పుడే ఆ సాహసం చేసేది.

నాలుగోదానికి గాలి దగ్గర మందే లేదు. రాళ్లు, మట్టిబెడ్డలు. గింజంత రాయి గింజకు రెండింతలు బరువుంటది, వర్గమూలం తీస్తే పడే వేగంలో తేడా ఒకటిన్నర రెట్లు కూడా రాదు. జొన్నల్లో అయితే ఎనిమిది అడుగుల్లో ఆ తేడా అరడుగు దూరం కూడా చూపదు. గడ్డి కణుపులు కూడా అట్లనే, గట్టిగ, కురచగ ఉండి గింజతోనే దిగుతయి. నలగని కంకి ముక్కలు కూడా. అందుకే రాశి పక్కన ఒకరు పొరక పట్టుకొని కూచుండేది. పొరకను రాశి మీద అదిమి ఊడ్వొద్దు, పైపైన నిమురుతున్నట్టు లాగాలె. పొడుగ్గ ఉన్న కణుపులు, కంకులు పొరక పుల్లలకు చిక్కి పక్కకు వస్తయి, గింజలు పుల్లల సందుల నుంచి జారి రాశిలోనే ఉంటయి. రాళ్లకు జల్లెడ, ఆ తర్వాత ఇంటి దగ్గర చాటలో చెరుగుడు, వండే ముందర నీళ్లలో గాలించుడు. గాలించుడు కూడా ఇదే పద్ధతి. నీళ్లు గాలికంటె ఎనిమిది వందల రెట్లు చిక్కన, అందులో బియ్యపుగింజ మెల్లగ దిగుతది, రాయి ముందు అడుగుకు చేరుతది. గాలిలో దొరకని తేడా నీళ్లలో దొరుకుతది. ఒక గిన్నెలో నుంచి ఇంకో గిన్నెలోకి వంచుతుంటే చివరికి అడుగున నాలుగు బెడ్డలు మిగిలి కనబడేవి.

చెరుగుడు చేసే చాట కూడా ఊరికే అల్లింది కాదు. వెదురు బద్దలతో మేదరివాళ్లు అల్లేది, మూడు దిక్కుల గోడ, ముందు దిక్కు తెరిచి ఉంటది. కొత్త చాట తెస్తే నానబెట్టిన కాగితం, మెంతుల పిండి కలిపి రుబ్బి సందులు పూడ్చి అలికేవాళ్లు, లేకుంటే సన్న గింజ కారిపోతది. మోచేతులు కదలకుండ మణికట్టుతో చాటను ఎగరేస్తే గింజలు జానెడు లేస్తయి. దిగేటప్పుడు నిండు గింజలు ముందే దిగి వెనక గోడ దిక్కు చేరుతయి. పొట్టు ఆలస్యంగ దిగుతది, ఆ లోపల చాట వెనక్కి జరిగి ఉంటది, పొట్టు ముందంచు అవతల పడిపోతది. బయట గాలి ఒక్క ఈక కదిపేంత లేకున్నా పని నడుస్తది. గాలి పొట్టు మీదికి రాకుంటే, చెరిగే అమ్మ పొట్టునే గాలిలోకి పంపుతది.

పంటలన్నీ ఒక్క తీరు కావు. జొన్న అందరికీ ఇష్టమైన గింజ, గుండ్రం, బరువు. ఎట్ల పోసినా కాళ్ల దగ్గరనే రాశి పడతది. బాధల్లా దాని నూగుతోటి, మెడ మీద పడితే రాత్రంతా దురద. సజ్జ కూడా బరువైన గింజే, చిన్నది. అడ్డుకొలత సగమైతే చరమవేగం సగానికి కాదు, పది ఏడైతది. అందుకని జొన్నకంటె కొంచెం తగ్గిన గాలి. కందుల్లో కష్టం కాయ డొప్పలతో. డొప్ప వంపు తిరిగి చిన్న పడవలాగ ఉంటది, నోరు గాలి దిక్కు తిరిగితే బోలు ఆకారపు అంకె 1.4, వీపు తిరిగితే 0.4. అదే డొప్ప ఒకసారి పది అడుగులు పోతది, ఇంకోసారి రాశి మీదనే పడతది. పల్లికాయకు ఆకు, మన్ను పోయేందుకు ఒక్కసారి పోస్తే చాలు, పొల్లు కాయ మాత్రం తాలు లెక్కనే సతాయిస్తది. ఆముదాలు నున్నగ జారి నేల మీద దొర్లుతయి, వాటి రాశి చుట్టూ ఎత్తుగ గడ్డి కట్ట అడ్డం పెట్టాలె.

కల్లం చుట్టూ తిరిగే పిల్లలకు వేరే ఆటలు ఉండేవి, అవన్నీ ఇదే గాలితోటి. దస్తీ పారాచూట్ అందులో పెద్దది. దస్తీ నాలుగు మూలలకు నాలుగు దారాలు, కొసన కలిపి గులకరాయి. దారాలు దస్తీ వెడల్పంత అయినా ఉండాలె, పొట్టిగ ఉంటే దస్తీ విచ్చుకోదు. ఒక్క దారం వేలెడు తక్కువైనా ఒక పక్క వంగి గాలి అటునుంచి కారి, రాయి చక్రం తిరుగుకుంట పడతది. నూలు దస్తీలో నుంచి గాలి కొంత కారుతది గనుక జల్ది దిగుతది. తర్వాత పాలిథిన్ సంచులు వచ్చినయి. నలభై సెంటీమీటర్ల చదరం కోసి, 20 గ్రాముల రాయి కడితే సెకనుకు 1.7 మీటర్ల చొప్పున దిగుతది. నాలుగు మీటర్ల దాబా మీది నుంచి ఉత్త రాయి 0.9 సెకన్లలో పడితే, ఇది రెండున్నర సెకన్లు తేలేది. అయితే పాలిథిన్‌ది గడియారం లోలకంలాగ ఊగుతది. లోపల చిక్కిన గాలి ఒకసారి ఈ అంచు కింది నుంచి, ఒకసారి ఆ అంచు కింది నుంచి తప్పించుకునుడే ఆ ఊపు. నడుమ రూపాయి బిళ్లంత బొక్క పెడితే గాలి నిలకడగ పైనుంచి పోతది, ఊపు తగ్గుతది. బొక్క అరచేయంత అయిందా, ఇక అది పారాచూట్ కాదు.

కాగితం గిరక ఇంకో రకం. పదిహేను సెంటీమీటర్ల పొడవు, అయిదు వెడల్పు పట్టీ. పై సగాన్ని నడిమికి చీల్చి ఒక రెక్క ముందుకు, ఒకటి వెనకకు మడవాలె. కింది సగాన్ని నిలువుగ మూడు మడతలు పెట్టి కొసన గుండుపిన్ను. వదిలితే గిరగిర తిరుగుకుంట దిగుతది, తిరిగే రెక్కలు గాలికి పెద్ద పళ్లెంలాగ అడ్డం నిలుస్తయి. రెక్కల మడత దిక్కు మారిస్తే తిరిగే దిక్కు మారుతది. రెండూ ఒకే దిక్కు మడిస్తే తిరగదు, పల్టీలు కొట్టి పడతది. పిన్ను మరిచిపోతే బరువు కిందికి రాక అడ్డం పడి ఉత్త కాగితం ముక్కే. చెట్లు ఈ ఆటలన్నీ ఎప్పుడో నేర్చినయి. ఎండాకాలం నెమలినార చెట్టు కింద రాలే గుండ్రని కాగితపు బిళ్లల నడుమ ఒక్కొక్క గింజ ఉంటది, జిల్లేడు కాయ పగిలితే ఒక్కొక్క గింజకు పట్టుపోగుల కుచ్చు. గింజ చెట్టు నీడ దాటిపోవాలంటే మెల్లగ పడాలె.

అదే తాటిచెట్టు చూడుండ్రి, దానికి ఆ తొందర లేదు. కిలో బరువు గుండ్రని తాటిపండు చరమవేగం సెకనుకు 50 మీటర్ల దాకా, నలభై అడుగుల చెట్టు మీది నుంచి పడితే నేలకు వచ్చేసరికి వేగం 15 మీటర్లే. గాలి దాన్ని ఆపేందుకు చాలేంత దూరమే లేదు. అదే చెట్టు ఎండు మట్ట కత్తిరించి పడేస్తే ఊగుకుంట, తేలుకుంట ఎక్కడికో పోయి పడతది. జొన్నచేల మంచె మీద వడిసెల తిప్పేవాళ్లు కూడా పెంకు ముక్క పెట్టేది కాదు, వాగులో ఏరిన గుండ్రని రాళ్లే. పెంకు గాలికి అడ్డం తిరిగి ఎటో మలిగిపోతది.

బడి ప్రయోగశాలలో ఒక పొడుగు గాజు గొట్టం ఉండేది, లోపల ఒక నాణెం, ఒక ఈక. పంపుతో గాలి తీసి తలకిందులు చేస్తే రెండూ ఒకేసారి అడుగుకు తాకుతయి, గాలి వదిలితే ఈక వెనకబడతది. పంపు వాషర్ ఎండిపోతే గాలి పూర్తిగ పోక, ఈక కొంచెం వెనకబడి, పాఠం పాడయ్యేది. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుని మీద సుత్తి, డేగ ఈక ఒకేసారి వదిలిండు. సుత్తి కిలోం పావు పైచిలుకు, ఈక 30 గ్రాములు. రెండూ కలిసే దిగినయి. చంద్రుని మీద తూర్పారబట్టుడు కుదరదన్నమాట.

వడగండ్ల వానకు కూడా ఇదే లెక్క వర్తిస్తది, యాసంగి వరి కోతకొచ్చే వేళకు, కొల్లాపూర్ మామిడి కాయ ముదిరే వేళకు. ఒక సెంటీమీటరు వడగల్లు సెకనుకు 14 మీటర్ల దాకా వేగంతో దిగుతది. నాలుగు సెంటీమీటర్లది దానికి రెండింతల వేగం, బరువు 64 ఇంతలు, తాకే దెబ్బ శక్తి 256 ఇంతలు. శనగగింజంత రాళ్లు పడితే ఆకు చిల్లులు పడతది, కోడిగుడ్డంతవి పడితే కొమ్మ విరుగుతది. వానచుక్క వేరు. పెద్దదైతే అది మన బొమ్మల్లో గీసే కన్నీటిచుక్క తీరుగ ఉండదు, అడుగు చదునై బన్ను రొట్టె ఆకారం పడతది. అయిదు మిల్లీమీటర్లు దాటిన చుక్క గాలి నెట్టుడుకు చీలిపోతది. అందుకే ఎంత మబ్బు ఎత్తు నుంచి వచ్చినా వానచుక్క వేగం సెకనుకు తొమ్మిది మీటర్లకు మించదు. గాలి ఆకారాన్ని చెడగొట్టకుంటే మనకు గొడుగులు సరిపోయేవి కావు.

కల్లం పోయినంక ఫ్యాన్లు వచ్చినయి. మొదట చేతితో తిప్పే ఇనుప రెక్కల పంకా, ఆ తర్వాత కరెంటుది, ట్రాక్టరుకు తగిలించేది. ఫ్యాన్ గాలి చలికాలపు తూర్పు గాలి లెక్క వెడల్పుగ, సమంగ రాదు. రెక్కల వెంట మెలి తిరుగుకుంట వస్తది, నడుమ ఒక తీరు, అంచున ఇంకో తీరు. ఫ్యాన్ మూతి ముందు నిలబడి పోస్తే ఒక చోట మంచి గింజ ఎగిరిపోతది, పక్కనే తాలు మిగిలిపోతది. అయిదారు అడుగులు వెనక్కి జరిగితే మెలిక సద్దుకుంటది. ఇప్పుడు హార్వెస్టర్ కడుపులోనే ఫ్యాను, దాని మీద ఊగే జల్లెడలు. అదే చాట, అదే గాలి, ఇనుప పెట్టెలో. వరి తడిగ ఉన్నప్పుడు డ్రైవర్లు గంటకు ఇంకో ఎకరం ఎక్కువ కోయాలని జోరుగ నడిపితే జల్లెడ మీద మందం పెరుగుతది, అంటే ముద్దగ పోసుడే. ఫ్యాన్ వేగం తక్కువ పెడితే ట్యాంకులో తాలు, ఎక్కువ పెడితే గడ్డిలో మంచి గింజ. కోసినంక ఒక గజం పొడవున గడ్డి ఎత్తి కింద రాలిన వడ్లు చూస్తే అమరిక సరిగ్గ ఉందో లేదో అక్కడికక్కడే తెలుస్తది.

ఐకేపీ సెంటర్లో వడ్లు కొనేందుకు తేమ 17 శాతం దాటొద్దు, మట్టి, రాళ్లు ఒక శాతం, గడ్డి, పొట్టు ఒక శాతం, పూర్తిగ నిండని గింజ 3 శాతం అని నిబంధన. అందులో గాలికి పోయేవి చివరి రెండే. తేమ ఎండకు పోవాలె, మట్టి జల్లెడకు. తాలు పట్టే మిషన్ దగ్గర వరుసలో నిలబడి ఆరని వడ్లు పోస్తే ఏమీ తేడా రాదు, తడి తాలు తడి గింజ లెక్కనే పడతది. ముందు రెండు ఎండలు ఇచ్చి, పొద్దటి మంచు పూర్తిగ ఆరినంక పోస్తే అదే మిషన్ అదే వేగంతో సగం తాలు ఎక్కువ తీస్తది.

నువ్వులు మాత్రం ఇప్పటికీ చాలా ఇండ్ల కాడ చాటతోనే. రెండు మూడు గుంటల పంటకు మిషన్ ఎవరు పిలుస్తరు? నువ్వుగింజ తేలిక, చదును, గాలి కొంచెం పెరిగినా మంచిది కూడా పోతది. టేబుల్ ఫ్యాన్ ఒకటో నంబరు మీద పెట్టి, ఆరు అడుగులు దూరం జరిగి, నడుము ఎత్తు నుంచి మాత్రమే వదులుతరు. కింద పాత చీర పరుస్తరు, ఫ్యాన్ అవతలి దిక్కు చీర రెండింతలు పొడవు ఉండేటట్టు. చివరి పిడికెడు ఫ్యాన్ ఆపేసి, కూచొని చాటలో చెరుగుతరు.